బార్బీ ఫొటోలకి కొత్త కెమెరా కొనాలా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే, మాది కాకినాడ. నా దగ్గర 19 బార్బీలున్నాయి, చిన్నప్పుడు నాన్న కొనిచ్చిన చీర బార్బీ దగ్గర్నుంచి పోయినేడు మా పిన్ని డాలస్ నుంచి తెచ్చిన సిల్క్‌స్టోన్ దాకా. ఇంట్లో ఫోన్‌తో ఎన్నిసార్లు తీసినా షాపులో అర మీద పెట్టిన బొమ్మల్లాగే వస్తున్నాయి, మొహం మెరుస్తుంది, తల పెద్దగా కాళ్ళు పుల్లల్లా కనిపిస్తాయి. వేరేవాళ్ళ ఫొటోల్లో అయితే నిజంగా ఓ అమ్మాయి నిలబడి ఉన్నట్టే ఉంటుంది. 40 వేలు దాచుకున్నా, మంచి కెమెరా, లైట్లు కొనేద్దామనిపిస్తుంది, కొనమంటావా? ఇంకో రెండు డౌట్లు. రెండు బొమ్మలు ఇంకా డబ్బా విప్పలేదు, ఫొటో కోసం విప్పొచ్చా? నాన్న కొన్నదాని వీపు కింద 1966 అని ఉంది, అంత పాతదా అది? మా అత్తయ్యగారేమో ఈ సంక్రాంతికి బొమ్మల కొలువులో వీటిని కూడా పెడదాం అంటున్నారు, దాని గురించి కూడా చెప్పు.

సమాధానం: చెల్లీ, ఆ 40 వేలు అలాగే ఉంచు. నీ ఉత్తరం రెండుసార్లు చదివా, నువ్వు చెప్పిన మూడు కంప్లయింట్లలో ఒక్కటి కూడా ఫోన్ తప్పు కాదు. మొహం మెరవడం లైటు వల్ల, తల పెద్దగా రావడం దూరం వల్ల, షాపులో బొమ్మలా అనిపించడం నువ్వు నిలబడే ఎత్తు వల్ల. లక్ష రూపాయల కెమెరా కొని ఇలాగే నిలబడి తీసినా ఇదే ఫొటో వస్తుంది, కాకపోతే ఇంకాస్త క్లియర్‌గా వస్తుంది.

బార్బీ ఎత్తు పదకొండున్నర అంగుళాలు. దాన్ని ఆరుతో గుణిస్తే 69 అంగుళాలు, అంటే 5 అడుగుల 9 అంగుళాల మనిషి. బొమ్మలు సేకరించే కలెక్టర్లు వన్ సిక్స్త్ స్కేల్, అంటే ఆరో వంతు కొలత, అనేది దీన్నే. ఈ ఆరు అనే అంకె ఒక్కటి నువ్వు బుర్రలో పెట్టుకుంటే నేను ఇక్కడ రాసేదంతా నీకు నువ్వే లెక్కేసుకోగలవు, నేను కూడా ఏ కొత్త బొమ్మ ఫొటో తీసినా ముందు ఆరుతోనే మొదలుపెడతా.

ఎత్తు సంగతి చూడు. బొమ్మని నేల మీద నిలబెట్టి నువ్వు నిలబడి తీశావనుకో, ఫోన్ నేలకి ఐదడుగుల ఎత్తులో ఉంటుంది కదా, ఆరుతో గుణిస్తే 30 అడుగులు. అంటే మూడంతస్తుల డాబా మీద నుంచి వీధిలో నడిచే అమ్మాయిని తీసినట్టు లెక్క. ఏ మనిషినైనా అంత పైనుంచి తీస్తే మొహం ఎక్కడ కనిపిస్తుంది చెప్పు, నడినెత్తి కనిపిస్తుంది. టేబుల్ మీద పెట్టి తీసినా 15 అడుగుల ఎత్తే. మన కళ్ళు బొమ్మలని ఎప్పుడూ పైనుంచే చూసి అలవాటు పడ్డాయి, అందుకే పైనుంచి తీసిన ఫొటో చూడగానే మనసు "ఇది బొమ్మ" అని చెప్పేస్తుంది. కెమెరాని బొమ్మ కంటి ఎత్తుకి దించు, బొమ్మ నిలబడిన చోటు నుంచి కొలిస్తే అది పది అంగుళాల పైన కాస్త, అంతే. ఫుల్ లెంగ్త్ కావాలంటే ఇంకా కిందకి, నడుం ఎత్తుకి దించు. అప్పుడు కాళ్ళు పొడుగ్గా వస్తాయి. బొమ్మ నేల మీద ఉంటే ఫోన్‌ని తలకిందులుగా పట్టుకో, లెన్సు నేలకి దగ్గరగా వస్తుంది, ఫొటో తర్వాత తిప్పుకోవచ్చు. నేనైతే బొమ్మని డైనింగ్ టేబుల్ మీద పెట్టి కుర్చీలో కాకుండా చిన్న పీట మీద కూర్చుని తీస్తా, నడుం నొప్పి లేకుండా కన్ను కరెక్ట్‌గా ఆ ఎత్తుకి వస్తుంది.

ఇప్పుడు దూరం. తల పెద్దగా వస్తుంది అన్నావంటే నువ్వు బాగా దగ్గరకి వెళ్ళి తీస్తున్నావని అర్థం. ఆరంగుళాల దూరం నుంచి తీస్తే అది మనిషిని మూడడుగుల నుంచి, అదీ వెడల్పు లెన్సుతో తీసినట్టు, గ్రూప్ సెల్ఫీలో ముందున్నవాళ్ళ మొహం ఉబ్బినట్టు వస్తుంది చూడు అదే ఇది. పైగా చాలా ఫోన్లు బాగా దగ్గరికి వెళ్ళగానే మనకి చెప్పకుండా మాక్రోకి మారిపోతాయి, అంటే అల్ట్రావైడ్ లెన్సుకో, తక్కువ క్వాలిటీ ఉన్న వేరే చిన్న కెమెరాకో. సెట్టింగ్స్‌లో ఆ ఆటో మాక్రో ఆఫ్ చేసెయ్యి. బొమ్మకి మూరెడు దూరంలో ఉండు, మూరంటే 18 అంగుళాలు, ఆరుతో గుణిస్తే తొమ్మిదడుగులు, ఫొటోగ్రాఫర్లు మనిషి పోర్ట్రెయిట్ తీసేటప్పుడు ఉండే దూరం దాదాపు అదే. అక్కణ్ణుంచి 2ఎక్స్ జూమ్‌తో తియ్యి, ఫోన్‌కి వేరే టెలిఫొటో లెన్సు, అంటే దూరం నుంచి దగ్గరగా చూపించే జూమ్ లెన్సు, ఉంటే ఇంకా మంచిది. లేకపోయినా పర్లేదు, 1ఎక్స్‌లోనే తీసి తర్వాత క్రాప్ చేస్కో, దూరమే ముఖ్యం. దీంతో ఇంకో లాభం కూడా ఉంది. దగ్గర్నుంచి తీస్తే ముక్కు షార్ప్‌గా వచ్చి చెవి, జుట్టు మసకబారిపోతాయి, ఆ మసకే అది చిన్న వస్తువని పట్టించేస్తుంది. వెనక్కి జరిగితే మొహమంతా షార్ప్‌గా ఉండి వెనక గోడ మాత్రం మెత్తగా బ్లర్ అవుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ వాడకు, బొమ్మ జుట్టు అంచుల్ని కత్తెరతో కోసినట్టు చేస్తుంది. బ్యూటీ ఫిల్టర్ ఆన్‌లో ఉందేమో కూడా చూస్కో, కొన్ని ఫోన్లు బొమ్మ మొహాన్ని మనిషి మొహమనుకుని ఇంకా నున్నగా చేసేస్తాయి, అసలే ప్లాస్టిక్ కదా.

లైటు గురించి కాస్త ఎక్కువ చెప్తా ఎందుకంటే అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ముందు ఫోన్ ఫ్లాష్ మర్చిపో. ట్యూబ్‌లైటు కూడా ఆపెయ్యి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లూ చవక ఎల్ఈడీ బల్బులూ కంటికి తెలియకుండా సెకనుకి 100 సార్లు వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటాయి, ఫొటోలో అడ్డంగా నల్ల చారలు పడేది అందుకే. రాత్రి తప్పదనుకుంటే ప్రో మోడ్‌లో షట్టర్ స్పీడ్ 1/50 గానీ 1/100 గానీ పెట్టు, చారలు పోతాయి. కిటికీ వెలుగూ బల్బు వెలుగూ కలిపి మాత్రం ఎప్పుడూ తియ్యకు, ఒక బుగ్గ నీలంగా ఒక బుగ్గ పసుపుగా వస్తుంది, తర్వాత ఎంత ఎడిట్ చేసినా అది సరికాదు.

కిటికీ వెలుగు చాలు నీకు. ఉత్తరం కిటికీ ఉంటే ఏడాదిలో ఎక్కువ కాలం రోజంతా మెత్తటి వెలుగే, లేకపోతే తూర్పు వైపు కిటికీలోంచి ఎండ నేరుగా పడటం అయిపోయాక. బొమ్మని కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగా, రెండడుగుల దూరంలో పెట్టు. ఇక్కడ మళ్ళీ ఆరు గుర్తు తెచ్చుకో. నాలుగడుగుల కిటికీ బొమ్మకి 24 అడుగుల కిటికీ, అంటే ఒక గోడంతా వెలుగే అన్నమాట. అన్నివైపుల నుంచి వెలుగొస్తే నీడే ఉండదు, ముక్కు కింద నీడ లేదు, గడ్డం కింద నీడ లేదు, మొహం పలకలా చదునైపోతుంది. చాలామంది మెత్తటి లైటు కావాలి కావాలి అని చెప్తారు గానీ బొమ్మకి ఆ మెత్తదనం ఎక్కువైపోతుందని చెప్పరు. అందుకే నేను కర్టెన్లు దగ్గరికి లాగి అడుగున్నర సందు మాత్రమే వదులుతా, అప్పుడు అది బొమ్మకి తొమ్మిదడుగుల కిటికీ, మన హాల్లో పెద్ద కిటికీ పక్కన మనిషి నిలబడితే మొహం మీద నీడ ఎలా మెల్లగా దిగుతుందో బొమ్మ మీదా అలాగే దిగుతుంది. ఈ ఒక్క పని చేసి చూడు, ముందు కర్టెన్ మొత్తం తీసి ఒకటి, సందు పెట్టి ఒకటి తీసి రెండూ పక్కపక్కన పెట్టుకో, నాకు ఉత్తరం రాయకుండా ఉండలేవు.

చీకటి వైపు మరీ నల్లగా పోతుందనిపిస్తే థర్మోకోల్ ముక్క నిలబెట్టు, సినిమా షూటింగుల్లో హీరోయిన్ మొహానికి పట్టేది అదే కదా. మనకి పెద్ద షీటు అక్కర్లేదు, ఎ4 తెల్ల కాగితం చాలు. ఎ4 అంటే 21 సెంటీమీటర్లు బై 29.7, ఆరుతో గుణించు, నాలుగడుగుల పైన వెడల్పు, దాదాపు ఆరడుగుల పొడవు ఉన్న రిఫ్లెక్టర్ అది! స్టూడియోలో వేలు పోసి కొనేదాన్ని మనం జిరాక్స్ షాపులో తెచ్చుకుంటాం.

మొహం మెరవడం అన్నావు. బొమ్మని చేసే వినైల్ ప్లాస్టిక్ మెరుస్తుంది, అది దాని గుణం, కానీ చిన్న బల్బు పడితే ఒకచోటే చుక్కలా తెల్లగా మెరుస్తుంది, పెద్ద వెలుగు పడితే ఆ మెరుపే బుగ్గంతా పరుచుకుని చర్మంలా కనిపిస్తుంది. ఎండ నేరుగా పడే కిటికీ అయితే అద్దానికి బటర్ పేపర్ అతికించు. నీ సిల్క్‌స్టోన్ ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి, 2000లో వచ్చిన ఆ సిరీస్ కోసం మెటీరియల్ పింగాణీలా గట్టిగా, బరువుగా ఉండేలా చేశారు, మెరుపు మామూలు వినైల్ కంటే వేరుగా ఉంటుంది, కిందపడితే విరిగే ప్రమాదం కూడా ఉంది. దాన్ని స్టాండ్ లేకుండా ఒక్క నిమిషం కూడా నిలబెట్టకు, కింద పాత దుప్పటి మడిచి వేసుకో. మెరుపు తగ్గాలని మొహానికి పౌడర్ అద్దమని కొందరు చెప్తారు, నువ్వు అద్దకు. పెయింట్ ఉన్న మొహం మీద ఏదీ రాయొద్దు, లైటు జరిపితే పోయేదానికి మొహాన్ని ముట్టుకోవడం ఎందుకు.

ఇంక కళ్ళు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మనిషి కంట్లో కిటికీ వెలుగు చుక్కలా మెరుస్తుంది, దానివల్లే చూపు బతికినట్టుంటుంది. బార్బీ కన్ను పెయింట్, దాంట్లో వెలుగు మెరవదు, కానీ చాలా బొమ్మలకి ఆ తెల్ల చుక్క పెయింట్‌లోనే వేసేసి ఉంటారు. నీ బొమ్మల్ని దగ్గరగా పట్టుకుని ఆ చుక్క కంట్లో ఏ పక్కన ఉందో చూడు, నీ కిటికీ కూడా అదే పక్కన ఉండేలా బొమ్మని పెట్టు. చుక్క కుడిపక్కన ఉండి లైటు ఎడమపక్క నుంచి వస్తే చూసేవాళ్ళకి ఎందుకో చెప్పలేరు గానీ ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. రెండోది చూపు. 1959లో మొదటి బార్బీ వచ్చినప్పుడు ఓరచూపే, 1971లో మాలిబు బార్బీతో గానీ నేరుగా చూడటం మొదలవ్వలేదు, ఆ తర్వాత కూడా పక్కకి చూసే మొహాలు వస్తూనే ఉన్నాయి. ఓరచూపు బొమ్మని నేరుగా కెమెరా వైపు తిప్పితే ఎవరినో చూస్తున్నట్టు ఉంటుంది. తల కాస్త అటు తిప్పు, కనుపాపలు లెన్సు మీదకి వచ్చేదాకా తిప్పుతూ పో, ఒకచోట ఠక్కున నిన్నే చూస్తుంది, అక్కడ ఆగు. అదే లేదంటే ఆ చూపు ఎటు పోతుందో అటు ఫ్రేములో ఖాళీ వదులు, ఆ ఖాళీలో ఓ కిటికీయో కప్పో ఏదో ఒకటి ఉంటే కథ దానంతటదే వస్తుంది.

నిలబెట్టేటప్పుడు రెండు కాళ్ళ మీదా సమానంగా నిలబెట్టకు, మనం ఎవరం అలా నిలబడం. ఒక కాలి మీద బరువు వేసినట్టు నడుం కొంచెం వంచి, తల రవ్వంత పక్కకి. మేడ్ టు మూవ్ అని బాగా వంగే రకం బార్బీ ఉంది, ఆ బాడీకి 22 చోట్ల కీళ్ళు ఉంటాయి, ఎలా కావాలంటే అలా కూర్చుంటుంది, కానీ మోచేతి కీలు ఫొటోలో గీతలా కనిపిస్తుంది, పైట కొంగు గానీ పొడుగు చేతుల జాకెట్టు గానీ దాని మీదకి వచ్చేలా చూస్కో. పాత బొమ్మల చేతులు వంగవు కాబట్టి వాటికి ఏదో ఒక పని ఇవ్వు, గుమ్మానికి ఆనించు, చేతిలో బుట్ట పెట్టు.

చీర గురించి. నీ చీర బార్బీకి డబ్బాతో వచ్చిన చీరే ఉందో లేదో నాకు తెలియదు గానీ కొత్తగా కట్టాలంటే మాత్రం లెక్క ఇది: అయిదున్నర మీటర్ల చీరని ఆరుతో భాగిస్తే 36 అంగుళాలు, 45 అంగుళాల పన్నాని భాగిస్తే ఏడున్నర అంగుళాలు. గుడ్డ మాత్రం ఆరో వంతు పల్చబడదు కదా, అక్కడే వస్తుంది చిక్కు. పట్టు జాకెట్ ముక్క కడితే కుచ్చిళ్ళు కిందకి పడకుండా గొడుగులా నిలబడతాయి. పాత జార్జెట్ చున్నీ, బాగా నలిగిన మల్ మల్, ఇవి పడతాయి. కుచ్చిళ్ళు విడిగా మడిచి నీళ్ళు చల్లి సన్న క్లిప్పులు పెట్టి పూర్తిగా ఆరాక అప్పుడు బొమ్మకి కట్టు. మూడంగుళాల జరీ అంచు కావాలంటే అరంగుళం లేసు వెయ్యి. పువ్వుల డిజైన్ అయితే పువ్వు నీ చిటికెన గోరు కంటే పెద్దగా ఉండకూడదు, లేకపోతే బొమ్మ దుప్పటి చుట్టుకున్నట్టు ఉంటుంది.

చుట్టూ పెట్టే సామానుకి మన ఇళ్ళలో కొదవ లేదు. కరివేపాకు రెమ్మ బార్బీ పక్కన పెడితే ఆకులు మామిడాకులంత, మామిడాకు పెడితే అరిటాకంత! నేను ఒకసారి మామిడాకు మీద చిన్న చిన్న మెతుకులు, పప్పు చుక్క పెట్టి బొమ్మని భోజనానికి కూర్చోబెట్టి తీశా, ఇప్పటికీ మా ఇంట్లో అందరికీ ఇష్టమైన ఫొటో అదే. కాకినాడ నుంచి ఏటికొప్పాక ఎంతో దూరం కాదు, అక్కడ అంకుడు కర్రతో చేసి లక్క పూసే లక్కపిడతలు తెచ్చుకో, అంగుళంన్నర బిందె బార్బీకి తొమ్మిదంగుళాల బిందె, సరిగ్గా సరిపోతుంది. వాటికి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది, రంగులు మొక్కల నుంచి తీసేవి, ఫొటోలో ఆ ఎరుపు పసుపు ఎంత బాగుంటాయో చెప్పలేను. కొండపల్లి ఎడ్లబండి మాత్రం బార్బీ పక్కన చిన్నదైపోతుంది, కానీ దాన్ని మూరన్నర వెనక్కి పెడితే బ్లర్‌లో కలిసి దూరంగా రోడ్డు మీద వెళ్ళే బండిలా ఉంటుంది. వెనక గోడకి డ్రాయింగ్ చార్ట్ అతికించి టేబుల్ మీదకి మడత పడకుండా వంపుగా వదులు, అంతే స్టూడియో. తెల్ల చార్ట్ కంటే లేత బూడిద రంగో గోధుమ రంగో తెచ్చుకో, చర్మం రంగు నిజంగా వస్తుంది.

అమెరికాలో లారీ సిమన్స్ అనే ఫొటోగ్రాఫర్ 1976లో బొమ్మరిల్లు వంటగదిలో చిన్న బొమ్మని పెట్టి తీయడం మొదలుపెట్టారు, అవి ఈ రోజు ఆర్ట్ ఫొటోగ్రఫీలో లెక్కలోకి వచ్చాయి. నాకు అంతకన్నా నచ్చే సంగతి బ్లైత్‌ది. 1972లో కెన్నర్ కంపెనీ తెచ్చిన ఆ పెద్ద తల బొమ్మ ఒక్క ఏడాదికే ఆగిపోయింది, జనం మర్చిపోయారు. పాతికేళ్ళ తర్వాత జినా గారన్ అనే ఆవిడ దాన్ని ఎక్కడికెళ్తే అక్కడికి తీసుకెళ్ళి ఫొటోలు తీయడం మొదలుపెట్టింది, అవి చూసి 2000లో జపాన్‌లో పార్కో స్టోర్ వాళ్ళు తమ ప్రకటనలో పెట్టుకున్నారు, 2001లో టకారా కంపెనీ బ్లైత్‌ని మళ్ళీ తయారు చేసింది. ఆగిపోయిన బొమ్మని ఒకావిడ ఫొటోలు తిరిగి తెచ్చాయి చెల్లీ. కాబట్టి పెద్దయ్యాక బొమ్మల ఫొటోలేంటి అని ఎవరైనా అంటే పట్టించుకోకు.

తీసే ముందు శుభ్రం చూసుకోవడం మర్చిపోకు. దుమ్ము కూడా ఆరు రెట్లే, కంటికి ఆనని నూగు ఫొటోలో బియ్యపు నూకలా కనిపిస్తుంది, నల్ల గౌను మీద మరీ. మెత్తటి మేకప్ బ్రష్ ఒకటి దీనికే ఉంచుకో. చెదిరిన జుట్టుని తడి వేళ్ళతో అణుచు చాలు, కొబ్బరినూనె మాత్రం పొరపాటున కూడా రాయకు, జిడ్డు పోదు, దుమ్ము పట్టేస్తుంది. ఫోన్‌ని చేత్తో పట్టుకోకుండా బియ్యం ప్యాకెట్ మీద ఆనించి రెండు సెకన్ల టైమర్ పెట్టు. బొమ్మ మొహం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు రెండూ లాక్ అవుతాయి, తర్వాత వెలుగుని కొంచెం కిందకి జరుపు. ముదురు రంగు చర్మం ఉన్న బొమ్మలకి ఇది ఇంకా ముఖ్యం, ఫోన్ తనంతట తాను వెలుగు పెంచేసి ఆ అందమైన రంగుని వెలిసిపోయినట్టు చేస్తుంది.

రంగు అంటే గుర్తొచ్చింది, నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. ఆరేడేళ్ళ కిందట మెరూన్ జాకెట్ ముక్కతో గౌను కుట్టి బొమ్మకి వేసి, ఫొటోలు బాగా వచ్చాయన్న సంతోషంలో అలాగే బీరువాలో పెట్టేశా. ఎండాకాలం అయ్యాక తీస్తే భుజాలూ ఛాతీ మీద గులాబీ మచ్చలు, వినైల్ రంగు పీల్చేసుకుంది, పైపైన తుడిస్తే పోయేది కాదు. అది నాకు మా అన్నయ్య ఇచ్చిన మొదటి బొమ్మ. మొటిమలకి రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీము రాసి కలెక్టర్లు ఇలాంటివి తీస్తారు, నేనూ రాశాను, మచ్చ తగ్గింది గానీ అక్కడ చర్మం రంగు కూడా పాలిపోయింది, ఇప్పటికీ ఆ బొమ్మకి భుజాలు కప్పే బట్టలే వేస్తున్నా. ఎరుపు, నలుపు, మెరూన్, జీన్స్ నీలం, ఈ రంగులు వేస్తే ఫొటో అవ్వగానే విప్పెయ్యి. ఎండలో కూడా డాబా మీద పెట్టి గంటలు గంటలు తియ్యకు, ఐదు నిమిషాల్లో తీసి లోపలికి తెచ్చెయ్యి, మన ఎండలకి జుట్టూ పెదాల రంగూ వెలిసిపోతాయి.

డబ్బా విప్పని రెండింటి సంగతి. నాకైతే బొమ్మ బయటికి వస్తేనే బొమ్మ, కానీ ఎప్పుడైనా అమ్మే ఆలోచన ఏ మూలో ఉన్నా విప్పకు, విప్పని బొమ్మకి కలెక్టర్లు ఇచ్చే ధర వేరు, ఒకసారి విప్పితే ఆ ధర తిరిగి రాదు. డబ్బాలో ఉండగానే తీయొచ్చు. ముందున్న ప్లాస్టిక్‌లో నువ్వూ నీ ఫోనూ గదీ కనిపిస్తాయి కదా, దానికి నువ్వు నల్ల దుప్పటి గానీ నల్ల చున్నీ గానీ నీ వెనక వేలాడదీసి, లెన్సు మాత్రం బయటికి వచ్చేలా ఇంకో నల్ల గుడ్డ ఫోన్ చుట్టూ పట్టుకో, డబ్బాకి లైటు పక్క నుంచి రావాలి. ప్లాస్టిక్‌కి చీకటి తప్ప చూపించడానికి ఏమీ ఉండదు కాబట్టి లోపలి బొమ్మ కనిపిస్తుంది. విప్పినా విప్పకపోయినా ఒక మాట, జుట్టుకీ చేతులకీ వేసిన రబ్బర్లు ఏళ్ళు గడిచేకొద్దీ వినైల్‌కి అతుక్కుని గాడి పడతాయి, విప్పినవాటికైతే ఈ రోజే తీసెయ్యి.

1966 సంగతి, అది బొమ్మ పుట్టిన సంవత్సరం కాదు. ఆ బాడీ డిజైన్‌కి కాపీరైట్ తీసుకున్న సంవత్సరం, అదే అచ్చు తర్వాత దశాబ్దాల పాటు వాడారు కాబట్టి తొంభైల్లో చేసినవాటి మీద కూడా 1966 అనే ఉంటుంది. ఏ దేశంలో చేశారన్నది కూడా అక్కడే ఉంటుంది చూడు, ఇండియా అని ఉంటే ఇంకా జాగ్రత్తగా దాచుకో, మన దేశంలో తయారైన చీర బార్బీల కోసం బయటి దేశాల కలెక్టర్లు కూడా వెతుకుతారు. ఆ అక్షరాలు ఫొటోలో కనపడాలంటే గదిలో లైట్లు ఆపి టార్చ్‌ని వీపుకి పక్కగా, దాదాపు ఆనించినంత ఏటవాలుగా పట్టుకో, అక్షరాల నీడలు పడి చక్కగా చదవొచ్చు.

కెమెరా అంటావా, ఆరు నెలలు ఇలా తీశాక కూడా ఫోన్ ఎక్కడో ఆపేస్తుందని నీకే అనిపిస్తే అప్పుడు మాక్రో లెన్సు పట్టే పాత కెమెరా ఏదైనా చూద్దాం, దాంతో కూడా అపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, చిన్నగా ఎఫ్ 8, ఎఫ్ 11 దగ్గర పెట్టే తీయాలి, లేకపోతే మళ్ళీ ముక్కు ఒక్కటే షార్ప్‌గా వస్తుంది. ఇప్పటికి చార్టులు, థర్మోకోల్, ఫోన్ పెట్టుకునే చిన్న ట్రైపాడ్, బ్రష్, వెయ్యి రూపాయల్లో అయిపోతాయి.

అత్తయ్యగారి ఆలోచన నాకు భలే నచ్చింది, తప్పకుండా పెట్టండి. కొలువు మెట్ల మీద తెల్ల గుడ్డ పరుస్తారు కదా, అదే నీకు రిఫ్లెక్టర్, బొమ్మలన్నిటికీ కింద నుంచి మెత్తటి వెలుగు వస్తుంది, సాయంత్రం దీపాలు పెట్టకముందు కిటికీ వెలుగులో ఒకసారి తియ్యి. మెట్టు ఎత్తుకి ఫోన్ దించి, ముందు మెట్టు మీది మట్టి బొమ్మల్ని బ్లర్ చేసి వాటి మధ్యలోంచి నీ చీర బార్బీని తీస్తే పేరంటానికి వచ్చిన అమ్మాయిలా ఉంటుంది. కానీ బార్బీలని పై మెట్ల మీద పెట్టించు, ప్రమిదలకీ పసుపు కుంకాలకీ దూరంగా. పసుపు వినైల్‌కి పడితే వదలదు, బంతిపూల రేకులు తడిగా తగిలినా మరకే. పేరంటాళ్ళు ముచ్చటపడి బొమ్మకి బొట్టు పెట్టేస్తారు, అత్తయ్యగారితో ముందే చెప్పి ఓ చిన్న స్టిక్కర్ బొట్టు నువ్వే కాగితం మీద అతికించి జిగురు తగ్గించి పెట్టేసెయ్యి, అప్పుడు ఇంకెవరూ పెట్టరు. కొలువు తీసిన రాత్రే ఆ స్టిక్కర్ తీసి, చెవి పోగులు లోహంవి అయితే అవి కూడా తీసి విడిగా పెట్టు, పాత బొమ్మల్లో ఆ లోహం వల్లే చెవులు ఆకుపచ్చగా మారతాయి, తర్వాత పొడి దూదితో ఒకసారి మెల్లగా తుడిచి పాత తెల్ల నూలు గుడ్డలో చుట్టి దాచు.